ట్రోలింగ్ మొదలైతే: ఏది ముందు, ఏది తర్వాత

ట్రోలింగ్ బారిన పడ్డవాళ్లు చాలామంది చెయ్యాల్సిన పనులే చేస్తారు. కాకపోతే వరస తప్పి చేస్తారు. ముందు కోపంగా ఓ జవాబు, తర్వాత బ్లాక్, ఆ తర్వాత రిపోర్ట్. చివరికి పోలీస్ స్టేషన్‌కి వెళ్లేసరికి చూపించడానికి ఏమీ ఉండదు. రిపోర్ట్ చేశారు కాబట్టి ఆ పోస్టు పోయింది, బ్లాక్ చేశారు కాబట్టి ఆ అకౌంట్ సరిగా తెరుచుకోదు, తీసుకున్న ఒక్క స్క్రీన్‌షాట్‌లో తేదీ లేదు. మిగిలేది మీరు కోపంలో రాసిన మాట, అదీ అవతలివాడి ఫోన్‌లో.

అందుకే పని ఈ వరసలో సాగాలి: ఇదేమిటో పోల్చుకోవడం, ఎందుకు జరుగుతోందో చూడటం, ఆధారం భద్రపరచడం, తలుపులు వేసుకోవడం, జవాబు ఇవ్వాలా వద్దా తేల్చుకోవడం, చివరగా ఫిర్యాదు. ప్రాణహాని బెదిరింపు వస్తే మాత్రం ఇవన్నీ పక్కనపెట్టి వెంటనే 112కి ఫోన్ చెయ్యాలి.

1. ముందు ఇది ట్రోలింగేనా?

శ్రీకాకుళం యాసలో మాట్లాడుతూ వంటలు చూపించే ఓ ఛానల్ ఉందనుకుందాం. ఆవపెట్టిన వంకాయ కూర వీడియో కింద నాలుగు కామెంట్లు వచ్చాయి.

"ఆవముద్ద మరీ ఎక్కువేశారు, చేదొస్తుంది."
"ఆ ఆడియో ఏంటండీ బాబూ, చెవులు పోయాయి."
"ముందు తెలుగు నేర్చుకో, తర్వాత వంట నేర్పుదువుగాని."
"మీ ఇల్లెక్కడో తెలుసు. వస్తున్నా."

మొదటిది విమర్శ. రెండోది మర్యాద తగ్గిన విమర్శ, కానీ ఆడియో నిజంగా బాగాలేకపోతే ఆ మాటలో తప్పేం లేదు. మూడోది ట్రోలింగ్. అందులో కూర ఊసే లేదు, ఉన్నదంతా మనిషి మీద. నాలుగోది ట్రోలింగ్ అనుకుని వదిలెయ్యాల్సింది కాదు, అది బెదిరింపు, నేరం.

తేడా తెలియకపోతే ఒక్క ప్రశ్న వేసుకోండి: "వీళ్లు చెప్పింది సరిచేస్తే ఆగుతారా?" ఆడియో బాగుచేస్తే రెండో మనిషి ఆగుతాడు. యాస మార్చుకున్నా మూడో మనిషి ఆగడు, ఇంకోటి పట్టుకుంటాడు. విమర్శను ట్రోలింగ్ అని కొట్టిపారేసే అలవాటు కూడా మంచిది కాదు. అలాంటివాళ్లకి నిజంగా ఇబ్బంది వచ్చినప్పుడు పక్కన నిలబడేవాళ్లు తగ్గిపోతారు.

వినయంగా వచ్చే రకం ఒకటుంది. "తప్పుగా అనుకోకండి మేడం, తెలుసుకుందామనే అడుగుతున్నా" అంటూ మొదలుపెట్టి ఆధారం అడుగుతారు. ఇస్తే ఇంకో ఆధారం. అదీ ఇస్తే మొదటి ప్రశ్నే మళ్లీ. రెండు జవాబులిచ్చాక మూడో ప్రశ్నకి మీ జవాబులతో సంబంధమే లేకపోతే అక్కడితో ఆపెయ్యండి. అది చర్చ కాదు, మిమ్మల్ని అలసిపోయేలా చేసే పని.

2. ఎందుకు చేస్తారు

కారణం తెలిస్తే మందు తెలుస్తుంది. ఒక రకానికి పనికొచ్చే మౌనం ఇంకో రకానికి అలుసైపోతుంది.

కొందరికి ఇది సరదా. 2014లో కెనడా మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎరిన్ బకెల్స్, ఆమె సహచరులు చేసిన సర్వేల్లో, ట్రోలింగ్ అంటే ఇష్టమని చెప్పినవాళ్లలో ఎదుటివాళ్ల బాధ చూసి ఆనందించే స్వభావం బలంగా కనిపించింది. ఇలాంటివాళ్లకి మీ బాధే బహుమతి. మీరు ఎంత బాగా వాదించారన్నది వాళ్లకి అనవసరం.

అయితే ట్రోల్ చేసేవాళ్లందరూ ఆ బాపతు కాదు. 2017లో స్టాన్‌ఫర్డ్, కార్నెల్ పరిశోధకులు తేల్చింది ఇంకాస్త ఇబ్బందికరమైన విషయం: మనసు బాగాలేనప్పుడు, పైగా అప్పటికే పైన నాలుగు చెత్త కామెంట్లు కనిపించినప్పుడు మామూలు మనుషులు కూడా ట్రోల్ చేసే అవకాశం పెరుగుతుంది. మొహం కనపడకపోవడం, పేరు తెలియకపోవడం, అవతలి మనిషి కళ్లలో నీళ్లు చూడాల్సిన అవసరం లేకపోవడం మనిషిలోని బిడియాన్ని ఎలా తీసేస్తాయో 2004లోనే మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ సూలర్ వివరంగా రాశాడు. మీకు ఇందులో పనికొచ్చేది ఒకటే: పోస్టు పెట్టిన మొదటి గంటలో వచ్చే చెత్తను వెంటనే కనపడకుండా చేస్తే, తర్వాత వచ్చే మామూలు జనం అందులో పడకుండా ఉంటారు. వీడియో పెట్టి పడుకోవడం కన్నా, గంటసేపు చూసుకునే తీరిక ఉన్నప్పుడు పెట్టడం మేలు.

ఇంకొందరికి ఇది వ్యాపారం. 2023 నవంబరులో నటి రష్మిక మందన్న డీప్‌ఫేక్ వీడియో (వేరే మనిషి ఒంటికి ఏఐతో ఆమె మొహం అతికించింది) దేశమంతా తిరిగింది. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు గుంటూరు జిల్లాకు చెందిన ఓ ఇంజినీరును అరెస్టు చేశారు. ఆమె పేరు మీద తాను నడిపే ఫ్యాన్ పేజీకి ఫాలోవర్లను పెంచుకోవడానికే చేశాడనీ, రెండు వారాల్లో ఆ సంఖ్య 90 వేల నుంచి లక్షా 8 వేలకు చేరిందనీ పోలీసులు చెప్పారు. పగ లేదు, ద్వేషం లేదు, పైగా అభిమానినన్నాడు. ఇతరులను ఎగతాళి చేస్తూ వీడియోలు పెట్టే రోస్ట్ ఛానళ్ల లెక్క కూడా చాలావరకు ఇదే. మీరు తిడుతూ పెట్టే వీడియో వాళ్లకి రెండో ఎపిసోడ్.

నలుగురు కలిస్తే ఎంత దూరం వెళ్తారో 2024 జూలైలో తెలుగువాళ్లంతా చూశారు. ఓ తండ్రీ కూతుళ్ల వీడియో మీద ఒక తెలుగు యూట్యూబర్, తన స్నేహితులతో లైవ్ చర్చలో నవ్వుతూ అసభ్యమైన మాటలన్నాడు. నటుడు సాయి దుర్గా తేజ్ దాన్ని ఎక్స్‌లో (పాత ట్విట్టర్) బయటపెట్టాక తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో కేసు పెట్టి అతన్ని బెంగళూరులో పట్టుకుంది. పిల్లల మీద లైంగిక నేరాలకి ఉన్న పోక్సో చట్టం సెక్షన్లు కూడా పడ్డాయి. డార్క్ కామెడీ అన్న సాకు ఎవరి దగ్గరా చెల్లలేదు.

ఇక గుంపు. హీరోల ఫ్యాన్ వార్లు, పార్టీల సోషల్ మీడియా బ్యాచులు, కుల సంఘాల పేజీలు. సినిమా విడుదల రోజునా ఎన్నికల సీజన్‌లోనూ వీటి ఉధృతి చూడాలి. వీళ్లకి మీరెవరో కూడా తెలియదు. మీ పోస్టులో ఒక పేరు దొరికింది, వచ్చారు. ఒకే వాక్యం అక్షరం మారకుండా పది అకౌంట్ల నుంచి రావడం, ప్రొఫైల్ ఫొటోలో హీరో లేదా నాయకుడు, టైమ్‌లైన్ నిండా రీపోస్టులే తప్ప సొంతమాట లేకపోవడం దీని గుర్తులు. సాధారణంగా ఇంకో గొడవ దొరగ్గానే వెళ్లిపోతారు. వీళ్లతో ఒక్కొక్కరితో వాదించడం కన్నా కామెంట్లు కొన్ని రోజులు మూసెయ్యడం మంచిది.

అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది తెలిసినవాళ్లతో. విడిపోయిన స్నేహితుడు, ఆఫీసులో సరిపడనివాడు, ఆస్తి గొడవలున్న బంధువు. ఫేక్ ఐడీ నుంచి వచ్చిన కామెంట్‌లో మీ అసలు పేరు, పిల్లల స్కూలు, మీరు మారిన ఇల్లు లాంటి బయటివాళ్లకి తెలియని సంగతి ఒక్కటున్నా దాన్ని గుంపులో కలపకండి. ఏ సంగతి, అది మీకు తెలిసినవాళ్లలో ఎవరెవరికి తెలుసో వెంటనే రాసుకోండి. దర్యాప్తులో చాలాసార్లు అసలు దారి అక్కడే దొరుకుతుంది.

అకౌంట్ పరిశీలనకి ఐదు నిమిషాలు చాలు. ఎప్పుడు తెరిచారు, గతంలో ఎన్ని పేర్లు మార్చారు (ఇన్‌స్టాగ్రామ్‌లో "అబౌట్ దిస్ అకౌంట్" చూపిస్తుంది), జవాబులు తప్ప సొంత పోస్టులున్నాయా, ఏ దేశం నుంచి నడుస్తోంది (ఎక్స్ 2025 నవంబరు నుంచి చూపిస్తోంది, కానీ ఎక్కణ్నుంచి వాడుతున్నారో దాచే వీపీఎన్ ఉంటే తప్పు చూపించొచ్చు). అంతకు మించి తవ్వితే మీ రాత్రి నిద్ర పోతుంది తప్ప ఇంకేం దొరకదు.

3. ఆధారం: బ్లాక్‌కీ రిపోర్ట్‌కీ ముందు

మార్గం మొత్తంలో జాగ్రత్తగా చెయ్యాల్సిన పని ఇదొక్కటి. మిగతావి తప్పినా దిద్దుకోవచ్చు.

ప్రతి దుర్భాషకీ నాలుగు సంగతులు పట్టుకోవాలి: ఆ పోస్టు లేదా కామెంట్ పూర్తి లింకు, అది పెట్టిన అకౌంట్ గుర్తింపు, తేదీ సమయం, అది దేని కింద వచ్చిందో చూపించే మీ అసలు పోస్టు. వీలైతే కంప్యూటర్‌లో తెరిచి, అడ్రస్ బార్, కింద మూల గడియారం, తేదీ కనపడేలా స్క్రీన్ మొత్తం తియ్యండి. యూట్యూబ్ కామెంట్ పక్కన "2 రోజుల క్రితం" అని మాత్రమే ఉంటుంది కాబట్టి ఆ గడియారమే మీకు దిక్కు. ఆ "2 రోజుల క్రితం" అన్న మాట మీద నొక్కితే ఆ ఒక్క కామెంట్‌కి ప్రత్యేకమైన లింకు తెరుచుకుంటుంది. దాన్ని కాపీ చేసుకోండి.

అకౌంట్ పేరు మీద నమ్మకం పెట్టుకోవద్దు. ఎట్ గుర్తు పక్కన ఉండే పేరు ఎప్పుడంటే అప్పుడు మార్చుకోవచ్చు. యూట్యూబ్‌లో "యూసీ" అక్షరాలతో మొదలయ్యే 24 అక్షరాల ఛానల్ ఐడీ మారదు. ఫేస్‌బుక్, ఎక్స్, ఇన్‌స్టాగ్రామ్ అకౌంట్లకీ లోపల ఓ అంకెల ఐడీ ఉంటుంది, అదీ మారదు. పేరుతోపాటు ఆ ఐడీ కూడా రాసుకుంటే, రేపు అతను పేరు మార్చి అమాయకుడిలా కూర్చున్నా పనిచెయ్యదు.

తర్వాత ఒక నిమిషం స్క్రీన్ రికార్డింగ్ చెయ్యండి: అతని ప్రొఫైల్ తెరిచి, అక్కడి నుంచి ఆ పోస్టుకి, పోస్టు నుంచి కామెంట్‌కి ఆపకుండా వెళ్లాలి. స్క్రీన్‌షాట్ ఎడిట్ చేశారనే వాదనకి ఇది మంచి జవాబు. అసలు ఫైలు మీద ఎర్ర గీతలు గీయకండి, కత్తిరించకండి. గీతలు కావాలంటే నకలు మీద గీసుకోండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది, దానిలోని తేదీ వివరాలూ పోతాయి. పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపండి.

వాట్సాప్ వేధింపైతే "ఎక్స్‌పోర్ట్ చాట్" చేసి ఈమెయిల్‌లో దాచుకోండి. అవతలివాళ్లు మెసేజ్‌లు మాయమయ్యే సెట్టింగ్ పెట్టారేమో చూసుకోండి. ఒక్కసారి మాత్రమే తెరుచుకునే ఫొటో పంపితే స్క్రీన్‌షాట్ రాదు, కాబట్టి తెరవకముందే ఇంకో ఫోన్ చేతిలో పట్టుకుని దానితో ఫొటో తియ్యాలి. రిపోర్ట్ చేసేటప్పుడు చాట్ కూడా తీసెయ్యమనే టిక్ ఒకటి కనిపిస్తుంది. తొందరలో దాన్ని అలాగే వదిలేసి మొత్తం పోగొట్టుకున్నవాళ్లు ఎందరో.

వీటన్నిటికీ ఓ పట్టిక: తేదీ, సమయం, ప్లాట్‌ఫాం, లింకు, అకౌంట్, ఏమన్నారు, ఇంకెవరు చూశారు. రోజూ చదవాల్సిన అవసరం లేదు. మీరు ఆ మాటలు మళ్లీ చూడలేకపోతే ఈ పని ఇంట్లో ఒకరికి అప్పగించండి, తప్పేం లేదు.

ఒక మినహాయింపు, చాలా ముఖ్యం. పిల్లల అసభ్య చిత్రమైతే ఆధారం పేరుతో కూడా దాచొద్దు, ఎవరికీ పంపొద్దు. దగ్గర ఉంచుకోవడమే నేరం కావచ్చు. లింకు, అకౌంట్ వివరాలు మాత్రం రాసుకుని వెంటనే ఫిర్యాదు చెయ్యండి. పెద్దవాళ్ల మార్ఫింగ్ ఫొటో అయితే ఒక్క కాపీ, ఒక్క పరికరంలో, పోలీసులకి మాత్రమే. "చూడండి ఏం చేశారో" అంటూ ఫ్యామిలీ గ్రూపులో వేస్తే ఆ ఫొటోను ఊరేగించింది మనమే అవుతాం.

4. తలుపులు వేసుకోవడం

ఆధారం చేతికొచ్చాక ఇప్పుడు దారులు ముయ్యండి. బ్లాక్ ఒక్కటే దారి కాదు, చాలాసార్లు మంచి దారీ కాదు. బ్లాక్ చేశారని తెలియగానే దాన్ని స్క్రీన్‌షాట్ తీసి "భయపడింది" అని సంబరం చేసుకుంటారు, ఇంకో ఐడీతో వస్తారు. అతనికి తెలియకుండా నోరు నొక్కే ఏర్పాట్లు మేలు.

యూట్యూబ్‌లో "హైడ్ యూజర్ ఫ్రమ్ ఛానల్" నొక్కితే అతని కామెంట్లు ఇంకెవరికీ కనపడవు, అతనికి కబురూ వెళ్లదు. ఇన్‌స్టాగ్రామ్‌లో "రిస్ట్రిక్ట్" చేస్తే మీరు ఒప్పుకుంటే తప్ప అతని కామెంట్ అతనికే కనిపిస్తుంది, మెసేజ్‌లు రిక్వెస్టుల్లోకి పోతాయి. ఫేస్‌బుక్‌లో కామెంట్‌ను దాస్తే అతనికీ అతని స్నేహితులకీ తప్ప మిగతావాళ్లకి కనపడదు. ఎక్స్ ఈ విషయంలో బలహీనం: దాచిన రిప్లైని ఎవరైనా ఒక నొక్కుతో చూడొచ్చు, 2024 నవంబరు నుంచి బ్లాక్ చేసినవాళ్లు కూడా మీ పబ్లిక్ పోస్టులు చదవొచ్చు. అక్కడ మీ ఫొటోలు దక్కించుకోవాలంటే అకౌంట్‌ను ప్రొటెక్ట్ చెయ్యడమే (ఫాలోవర్లకి మాత్రమే కనపడేలా పెట్టడమే) దారి. వాట్సాప్‌లో మిమ్మల్ని గ్రూపుల్లో ఎవరు చేర్చొచ్చో కాంటాక్టులకి పరిమితం చెయ్యండి.

ఫలానా పదాలున్న కామెంట్లను ఆపే వడపోత చాలా చోట్ల ఉంది, కానీ తెలుగువాళ్లు దాన్ని సగమే వాడతారు. తెలుగు లిపిలో తిట్లు చేర్చి ఊరుకుంటారు, తిట్టేవాళ్లేమో రోమన్ లిపిలో తెలుగు రాస్తారు. "వెధవ" ఒక్కదాన్నే చూడండి. మొదట వి-ఇ, వై-ఇ, లేదా ఉత్త ఇ. మధ్యలో డి ఒక్కటే, లేదా డి-హెచ్. ఇక్కడికే ఆరు రూపాలు. మధ్యలో చుక్కలు పెడితే, ఒక అక్షరం బదులు అంకె వేస్తే ఇంకో పది. మీకు వచ్చిన పాత కామెంట్లు తిరగేసి, మీకు నిజంగా వచ్చిన రూపాలనే చేర్చండి, ఊహించి రాయకండి. వడపోతలో చిన్న పదాలు వేస్తే మంచి కామెంట్లూ ఆగిపోతాయి: "రా" అని పెడితే "రా బాబూ, వంటకి" అన్నదీ పోతుంది. కులం పేర్లు, మీ కుటుంబసభ్యుల పేర్లు, ఫోన్ నంబరు, ఊరి పేరు కూడా జాబితాలో ఉంచితే వివరాలు బయటపెట్టే ప్రయత్నాలు ముందే ఆగుతాయి. వారానికోసారి ఆగినవాటిని చూసుకుని వదలాల్సినవి వదలాలి.

5. జవాబు చెప్పాలా

మీ జవాబు ట్రోల్ కోసం కాదు. చప్పుడు చెయ్యకుండా చదివి వెళ్లే మిగతా జనం కోసం. వాళ్లకి ఏమీ చెప్పాల్సిన అవసరం లేకపోతే జవాబూ అవసరం లేదు. సరదా బ్యాచ్‌కీ వ్యాపార బ్యాచ్‌కీ జవాబిస్తే ఎంగేజ్‌మెంట్ లెక్కలో (ఎంతమంది స్పందించారన్న లెక్కలో) వాళ్ల పోస్టు పైకొస్తుంది. కోట్ చేసి తిడితే ఇంకా ఘోరం, దాన్ని మీ ఫాలోవర్లందరికీ మీరే చేరవేసినట్టు.

జవాబు తప్పనిసరి అయ్యేది ఒక్క సందర్భంలో: అబద్ధం జనంలోకి వెళ్లి మీ పనికో పరువుకో దెబ్బ తగులుతున్నప్పుడు. వంటల ఛానల్ ఆవిడ సరుకులు అమ్ముతుంటే, "ఆవిడ ఆవకాయ తిని ఆస్పత్రిలో పడ్డారు" అన్న పోస్టుకి మౌనం పనికిరాదు. అప్పుడు పద్ధతి ఇది. మీ సొంత పేజీలో పెట్టండి, అతని పోస్టు కింద కాదు. నిజంతో మొదలుపెట్టండి, అబద్ధాన్ని హెడ్డింగ్‌గా మళ్లీ రాయకండి. నాలుగైదు వాక్యాలు మించొద్దు. పిన్ చేసి, కింద ఎవరేమన్నా మళ్లీ దిగకండి. ఉదాహరణకి:

"మా ఆవకాయ ఏ తేదీన ఏ బ్యాచ్‌లో పెట్టామో ప్రతి సీసా మీద ఉంటుంది. ఫుడ్ లైసెన్సు నంబరూ అక్కడే ఉంది. మా సీసా తిని ఎవరికైనా ఇబ్బంది వస్తే బ్యాచ్ నంబరుతో మాకు రాయండి, ఆ సీసా వెనక్కి తీసుకుని పరీక్షకి పంపిస్తాం. ఇప్పటిదాకా అలాంటి ఫిర్యాదు మాకు అందలేదు."

ఇందులో చివరి వాక్యం నిజమైతేనే రాయాలి. ఒక్క తప్పుడు మాట దొరికితే గుంపు మొత్తానికి దానితోనే పండగ.

యాస మీద వచ్చినదానికి జవాబివ్వాలనిపిస్తే ఇంత చాలు: "మాది శ్రీకాకుళం, మేం ఇలాగే మాట్లాడతాం. ఆవ కొలత వీడియోలో మూడో నిమిషం దగ్గరుంది." వాదన లేదు, సంజాయిషీ లేదు, చూసేవాళ్లకి పనికొచ్చే సంగతి ఉంది. కౌంటర్ వెయ్యాలన్న ఉబలాటం ఉంటే, చిన్న విషయానికే వెయ్యండి. కులం, శరీరం, లైంగిక దూషణ, బెదిరింపు వచ్చినచోట హాస్యం వద్దు. రేపు ఫిర్యాదు చేస్తే "ఆవిడే నవ్వుతూ మాట్లాడింది కదా" అంటారు.

రాసింది నోట్స్‌లో పెట్టి పొద్దునదాకా ఆగండి. ఇంకొకరికి చదివించి, ఒక్క విశేషణం తీసెయ్యమనండి, తీసెయ్యండి. మీ ఫాలోవర్లను అతని మీదికి పంపకండి. వాళ్లు తిట్టే ప్రతి తిట్టూ మీ ఖాతాలో పడుతుంది.

స్నేహితురాలికి ఇది జరుగుతుంటే ఆవిడ తరఫున యుద్ధానికి దిగకండి. ఆవిడ పోస్టు కింద విషయానికి సంబంధించిన మంచి కామెంట్ ఒకటి పెట్టి, విడిగా మెసేజ్ చెయ్యండి: "చూస్తున్నాను. స్క్రీన్‌షాట్లు నేను తీసిపెట్టనా?" బాధలో ఉన్నవాళ్లు అడగలేని సాయం అదే.

6. ప్లాట్‌ఫాంకి ఫిర్యాదు

రిపోర్ట్ బటన్ నొక్కేటప్పుడు సరైన రకం ఎంచుకోవాలి. "నచ్చలేదు", "స్పామ్" అంటే పక్కన పడేస్తారు. వేధింపు, ద్వేషం, నకిలీ అకౌంట్, అసభ్య చిత్రం వేరువేరు. తెలుగు తిట్టులోని కులదూషణ మెషీన్లకి అర్థం కాక "నిబంధనలకు విరుద్ధం కాదు" అని జవాబు రావడం మామూలే. అప్పుడు ఆగిపోకండి. 2021 ఐటీ నిబంధనల ప్రకారం పెద్ద ప్లాట్‌ఫాంలకి భారత్‌లో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ అధికారి ఉండాలి. ఆయనకి పెట్టే ఫిర్యాదులో ఆ మాటకి అర్థం ఏమిటో, అది ఎందుకు కులదూషణో రెండు వాక్యాల్లో రాయండి. మీ నగ్న లేదా మార్ఫింగ్ చిత్రమైతే 24 గంటల్లోగా తియ్యాలని ఆ నిబంధనల్లో మొదట ఉండేది, 2026 ఫిబ్రవరి నుంచి ఆ గడువును 2 గంటలకు తగ్గించారు. ఆయన జవాబు నచ్చకపోతే 30 రోజుల్లోగా ప్రభుత్వ గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లో అప్పీలు చేసుకోవచ్చు.

సన్నిహిత చిత్రాలు బయటపెడతానని బెదిరిస్తుంటే స్టాప్ ఎన్‌సీఐఐ డాట్ ఓఆర్‌జీ అనే సైటు వాడండి. ఫొటో మీ ఫోన్ దాటి వెళ్లదు, దాని డిజిటల్ వేలిముద్ర లాంటి కోడ్ మాత్రమే వెళ్తుంది, అందులో చేరిన ప్లాట్‌ఫాంలు దాంతో పోల్చి ఆపుతాయి. 18 ఏళ్లలోపు వయసులో తీసిన చిత్రాలకి ఇదే పద్ధతిలో పనిచేసే టేక్ ఇట్ డౌన్ అనే సేవ ఉంది.

7. పోలీసు ఫిర్యాదు

సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో మహిళలు, పిల్లల మీద జరిగే నేరాలకి విడిగా విభాగం ఉంది, అందులో పేరు చెప్పకుండానూ ఫిర్యాదు చెయ్యొచ్చు. కానీ పేరు లేకపోతే కేసు ఎంతవరకూ వచ్చిందో తెలుసుకోవడం కష్టం. మిగతావాటికి సోషల్ మీడియా నేరాల కింద వేధింపు, నకిలీ ప్రొఫైల్ లాంటి ఉపవిభాగాలున్నాయి. 1930 నంబరు ముఖ్యంగా డబ్బు పోయిన మోసాలకి. ట్రోలింగ్‌కి పోర్టల్ గానీ, స్టేషన్ గానీ, తెలంగాణలో మహిళల భద్రత చూసే పోలీసు బృందాలు షీ టీమ్స్ గానీ మేలు.

స్టేషన్‌లో "మా పరిధి కాదు" అంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173వ సెక్షన్ గుర్తుచెయ్యండి. నేరం ఎక్కడ జరిగినా సమాచారం తీసుకోవాలి, జీరో ఎఫ్ఐఆర్ అంటే అదే. ఐటీ చట్టం కేసుల దర్యాప్తు ఇన్‌స్పెక్టర్ లేదా అంతకు పైస్థాయి అధికారే చెయ్యాలి, కాబట్టి ఫిర్యాదు స్టేషన్ బాధ్యత చూసే అధికారి (ఎస్‌హెచ్‌ఓ) పేరు మీద రాయండి. "నన్ను ట్రోల్ చేస్తున్నారు" అని రాస్తే ఏ సెక్షనూ అతకదు. ఏ తేదీ, ఏ అకౌంట్, ఏ మాట, అది చదివాక మీకు ఏం భయం కలిగింది, ఇలా రాయాలి. సెక్షన్లు ఎంచడం వాళ్ల పనే అయినా మీకూ తెలిసుంటే మంచిది:

మహిళను వెంటాడటం, ఆన్‌లైన్ కదలికలు గమనించడం భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 78వ సెక్షన్. మహిళ గౌరవాన్ని కించపరిచే మాట 79. బెదిరింపు 351, అదీ అజ్ఞాతంగా చేస్తే శిక్ష ఇంకా ఎక్కువ. ఇంకొకరి పాస్‌వర్డ్, డిజిటల్ గుర్తింపు దొంగిలించి వాడితే ఐటీ చట్టం 66సీ, ఇంకొకరిలా నటించి మోసం చేస్తే 66డీ. అసభ్య చిత్రాలు, రాతలు 67, 67ఏ. ఎస్సీ, ఎస్టీలను కులం పేరుతో అవమానిస్తే అట్రాసిటీ చట్టం. పరువునష్టం 356 మాత్రం పోలీసులు నేరుగా పట్టుకునే నేరం కాదు, మేజిస్ట్రేట్ దగ్గర ప్రైవేటు ఫిర్యాదు వెయ్యాలి. ఎవరైనా 66ఏ కింద కేసు పెడదామంటే వద్దనండి. దాన్ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది.

ఆలస్యం చెయ్యొద్దు. తీసేసిన పోస్టుల సమాచారాన్ని ప్లాట్‌ఫాంలు దర్యాప్తు కోసం 180 రోజులు దాచాలని 2021 నిబంధనల్లో ఉంది. ఆ తర్వాత అడిగితే దొరుకుతుందన్న భరోసా లేదు. దర్యాప్తు అధికారిని సమాచారం భద్రపరచమని ప్లాట్‌ఫాంకి ముందే లేఖ రాయమని అడగండి. కోర్టుకి వెళ్లినప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ ఆధారానికి సర్టిఫికెట్ కావాలి. అందులో ఫైలు హ్యాష్ విలువ (ఫైలు ఏమాత్రం మారినా మారిపోయే కోడ్) కూడా రాయాలి. అందుకే అసలు ఫైళ్లు, వాటిని తీసిన ఫోన్ అలాగే ఉంచమనేది. కేసు నడుస్తుండగా ఫోన్ ఎక్స్ఛేంజ్ చెయ్యకండి.

8. దారి తప్పే చోట్లు

అతని ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు, భార్యాపిల్లల ఫొటోలు బయటపెట్టకండి. తప్పు మీదవుతుంది, ఒక్కోసారి ఆ వివరాలు వేరే మనిషివి కూడా అయివుంటాయి. డబ్బిస్తే ఐడీ వెనక ఎవరున్నారో తవ్వి తీస్తామనే "ఎథికల్ హ్యాకర్లు" టెలిగ్రామ్‌లో బోలెడంతమంది. డబ్బులు పోతాయి, మీ వివరాలూ పోతాయి. కౌంటర్ కోసం మీరూ ఫేక్ ఐడీ తెరిస్తే దర్యాప్తులో మొదట దొరికేది మీరే.

పిల్లలు చెప్తే ఫోన్ లాక్కోకండి. ఫోన్ పోతుందన్న భయంతోనే ఇంకోసారి చెప్పరు. "చెప్పి మంచి పని చేశావు నాన్నా" అని, ఇద్దరూ కలిసి ఆధారం తియ్యండి. స్కూలు పిల్లలే చేస్తుంటే స్కూలుకి రాతపూర్వకంగా ఇవ్వండి, అవసరమైతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యండి. నిద్ర పట్టకపోయినా, చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

కేసు నమోదయ్యాక అవతలి ఇంటివాళ్లు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని వస్తారు, కుర్రాడి భవిష్యత్తు అంటారు. మాట్లాడటం, మానడం మీ ఇష్టం. కానీ ఆ రోజే ఆధారాలు తీసెయ్యమంటే తియ్యకండి. క్షమాపణ రాతలో తీసుకోండి, ఏయే లింకులు తొలగించారో జాబితాతో సహా. ఐటీ చట్టం కింద పెట్టిన కేసులో బాధితురాలు మహిళైనా, 18 ఏళ్లలోపు పిల్లలైనా 77ఏ ప్రకారం రాజీకి వీల్లేదు. ఇంట్లో కూర్చుని రాసుకున్న కాగితంతో అది ముగియదు, ఏం చెయ్యాలన్నా మీ లాయరుతో మాట్లాడాకే.